అడ్డిస్ అబాబా మహిళలలో గర్భనిరోధక అవగాహన, వినియోగం

అడ్డిస్ అబాబా తూర్పు ఆఫ్రికా దేశమైన ఇథియోపియాకు రాజధాని. ఈ నగరపు మహిళలలో గర్భనిరోధక పద్ధతుల గురించిన అవగాహన ఎంత, ఆ పద్ధతులను వాడుతున్నవారు ఎందరు అన్న అంశాలు జనాభా శాస్త్రంలో విశేషంగా చర్చించబడ్డాయి. ఇథియోపియాలో సగటున ఒక స్త్రీకి ఐదుగురికి పైగా పిల్లలు పుడుతున్న రోజులలోనే, అంటే 2000 నాటికే, రాజధానిలో ఈ సగటు రెండు కంటే తక్కువకు దిగిపోయింది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఇది చాలా అరుదైన విషయం. అయితే ఈ తగ్గుదలకు గర్భనిరోధక సాధనాలు ఒక్కటే కారణం కాదు. ఆలస్యపు వివాహాలు, నిరుద్యోగం, ఇళ్ళ కొరత, గర్భస్రావాలు కూడా ఇందులో పాలు పంచుకున్నాయి. ఒక పద్ధతి పేరు తెలిసి ఉండడం, దానిని సరిగా వాడడం తెలిసి ఉండడం, కావలసినపుడు అది చేతికి అందడం అనేవి మూడు వేర్వేరు విషయాలని ఈ నగర అనుభవం తెలియజేస్తుంది.

నగర నేపథ్యం

అడ్డిస్ అబాబా 1886లో రెండవ మెనెలిక్, ఆయన భార్య తైతు కాలంలో వెలసింది. అమ్హారిక్ భాషలో ఈ పేరుకు "కొత్త పువ్వు" అని అర్థం. సముద్ర మట్టానికి 2,300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి నగరమిది. ఆఫ్రికన్ యూనియన్, ఐక్యరాజ్య సమితి ఆఫ్రికా ఆర్థిక సంఘాల ప్రధాన కార్యాలయాలు ఇక్కడ ఉన్నాయి. 1994 జనాభా లెక్కలలో నగర జనాభా సుమారు 21 లక్షలు, 2007 లెక్కలలో సుమారు 27 లక్షల 40 వేలు. నగరవాసులలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఇథియోపియా ఆర్థోడాక్స్ క్రైస్తవులు. తరువాతి స్థానాలలో ముస్లిములు, ప్రొటెస్టెంట్లు ఉన్నారు.

నగర జనాభాలో పెద్ద భాగం పల్లెల నుండి వలస వచ్చినవారు. వీరిలో ఇళ్ళలో పనికి కుదిరే చిన్న వయసు బాలికలు ఎక్కువ. చదువుకున్న ఉద్యోగినులు, చిన్న వ్యాపారాలు చేసుకునే స్త్రీలు, విశ్వవిద్యాలయ విద్యార్థినులు, బడి మొగమెరుగని పనిపిల్లలు అందరూ ఒకే నగరంలో ఉన్నారు. అందుచేత నగరమంతటికీ కలిపి చెప్పే సగటు అంకె వీరిలో ఏ ఒక్క వర్గపు పరిస్థితినీ పూర్తిగా చూపదు.

చరిత్ర

ఇథియోపియాలో 1957 నాటి శిక్షాస్మృతి గర్భనిరోధక సాధనాల ప్రకటనలను నిషేధించింది. అటువంటి కాలంలో, 1966లో, ఇథియోపియా కుటుంబ మార్గదర్శక సంఘం ఒక స్వచ్ఛంద సంస్థగా ఏర్పడింది. అడ్డిస్ అబాబాలోని సెయింట్ పాల్ ఆసుపత్రిలో ఒక చిన్న క్లినిక్కుతో దీని సేవలు మొదలయ్యాయి. చాలా కాలం వరకు దేశంలో కుటుంబ నియంత్రణ సేవలంటే ఈ సంఘపు క్లినిక్కులే. అవి పట్టణాలకు, ముఖ్యంగా రాజధానికి, పరిమితమై ఉండేవి.

1974 నుండి 1991 వరకు దేశాన్ని పాలించిన "దెర్గ్" సైనిక ప్రభుత్వ కాలంలో కుటుంబ నియంత్రణ సేవలు మాతాశిశు సంరక్షణలో భాగంగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో క్రమంగా ప్రవేశించాయి. 1990లో మేరీ స్టోప్స్ సంస్థ ఇథియోపియాలో సేవలు ప్రారంభించింది. డికెటి అనే సంస్థ కూడా అదే కాలంలో దేశంలో అడుగుపెట్టి కండోములను, మాత్రలను తక్కువ ధరకు దుకాణాలలో అమ్మించే పద్ధతిని అనుసరించింది. ఈ సంస్థ అమ్మే కండోములలో పేరుపొందినది "హివోత్". అమ్హారిక్‌లో ఈ మాటకు "జీవితం" అని అర్థం. హెచ్.ఐ.వి. వ్యాప్తి తీవ్రంగా ఉన్న ఆ రోజులలో ఈ ప్రచారం వలన కండోమ్ అనే మాట బహిరంగంగా వినబడసాగింది.

1993 ఏప్రిల్‌లో ఇథియోపియా ప్రభుత్వం తన మొట్టమొదటి జాతీయ జనాభా విధానాన్ని ప్రకటించింది. ఒక స్త్రీకి సగటున 7.7గా ఉందని అంచనా వేసిన సంతానాన్ని 2015 నాటికి 4కు తగ్గించడం, గర్భనిరోధక వినియోగాన్ని 4 శాతం నుండి 44 శాతానికి పెంచడం దీని లక్ష్యాలు. అయితే ఈ విధానం గ్రామాలకు చేరకముందే రాజధాని మహిళలు తమ కాన్పులను తగ్గించుకోవడం మొదలుపెట్టారు. 1990లో జరిగిన జాతీయ సర్వే ప్రకారమే అడ్డిస్ అబాబాలో సగటు సంతానం 3.1. అదే సర్వేలో దేశపు సగటు 6.4.

2003 తరువాత ప్రభుత్వం ఆరోగ్య విస్తరణ పథకాన్ని అమలులోకి తెచ్చి, పల్లెలలో వేలాది యువతులను శిక్షణ ఇచ్చి నియమించింది. పట్టణాలకు సంబంధించిన పథకం 2009లో మొదలైంది. పట్టణ పథకంలో నర్సు శిక్షణ పొందినవారు ఇంటింటికీ వెళ్ళి సలహాలు ఇస్తారు, అవసరమైనవారిని ఆరోగ్య కేంద్రాలకు పంపుతారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో కుటుంబ నియంత్రణ సేవలకు రుసుము లేదు.

సర్వేల వివరాలు

ఇథియోపియాలో జనాభా ఆరోగ్య సర్వేలు 2000, 2005, 2011, 2016 సంవత్సరాలలో పూర్తి స్థాయిలో జరిగాయి. 2014లోను, 2019లోను సంక్షిప్త సర్వేలు నిర్వహించబడ్డాయి. వీటిలో 15 నుండి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలను ప్రశ్నిస్తారు. పూర్తి స్థాయి సర్వేల ప్రకారం అడ్డిస్ అబాబాకు సంబంధించిన ముఖ్యమైన అంకెలు ఇవి. వినియోగపు శాతం వివాహిత స్త్రీలకు సంబంధించినది. ఇందులో ఆధునిక, సంప్రదాయ పద్ధతులు రెండూ కలిసి ఉన్నాయి.

* 2000: సగటు సంతానం 1.9, గర్భనిరోధక వినియోగం 45 శాతం
* 2005: సగటు సంతానం 1.4, గర్భనిరోధక వినియోగం 57 శాతం
* 2011: సగటు సంతానం 1.5, గర్భనిరోధక వినియోగం 63 శాతం
* 2016: సగటు సంతానం 1.8, గర్భనిరోధక వినియోగం 56 శాతం

ఇదే కాలంలో దేశం మొత్తం మీద వినియోగం 2000లో 8 శాతం, 2005లో 15 శాతం, 2011లో 29 శాతం, 2016లో 36 శాతం. 2016లో దేశపు సగటు సంతానం 4.6. ఒక తరం స్థానాన్ని తరువాతి తరం సరిగ్గా భర్తీ చేయడానికి సగటున 2.1 మంది పిల్లలు కావాలని జనాభా శాస్త్రజ్ఞులు లెక్క కడతారు. పై నాలుగు సర్వేలలోను అడ్డిస్ అబాబా ఈ భర్తీ స్థాయికి దిగువనే ఉన్నది.

ఈ అంకెలలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 2000లో వివాహిత స్త్రీలలో సగానికి పైగా ఏ పద్ధతినీ వాడడం లేదు. అయినా సగటు సంతానం రెండు కంటే తక్కువే. అంటే గర్భనిరోధక వినియోగం ఒక్కదానితోనే ఈ తగ్గుదలను వివరించడం సాధ్యం కాదు.

సంతానం తగ్గడానికి కారణాలు

అమ్సన్ సిబండా, మరి కొందరు పరిశోధకులు 1990, 2000 సర్వేలను పోల్చి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. నగరంలో సంతానం 3.1 నుండి 1.9కి తగ్గడానికి వివాహిత స్త్రీల నిష్పత్తి తగ్గడం మొదటి కారణమని, గర్భనిరోధక వినియోగం పెరగడం రెండవ కారణమని వారు తేల్చారు. నగరంలో వివాహ వయసు దేశంలోని ఇతర ప్రాంతాల కంటే చాలా ఎక్కువ. 2016 సర్వే ప్రకారం 25 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో వివాహపు మధ్యస్థ వయసు దేశం మొత్తం మీద 17 సంవత్సరాలు కాగా, అడ్డిస్ అబాబాలో దాదాపు 24 సంవత్సరాలు.

ఎషెటు గుర్ము, రూత్ మేస్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో మరొక కోణాన్ని చూపారు. సాధారణంగా ఆదాయము, సౌకర్యాలు పెరిగినపుడు సంతానం తగ్గుతుందని భావిస్తారు. అడ్డిస్ అబాబాలో మాత్రం పేదరికమే సంతానాన్ని తగ్గించిందని వారి వాదన. ఉద్యోగం లేని యువకుడు పెళ్ళి చేసుకోలేడు. ఒకే గదిలో తల్లిదండ్రులతోను తోబుట్టువులతోను ఉండేవారికి వేరు కాపురం పెట్టే వీలు ఉండదు. పెళ్ళైనవారు సైతం అద్దె, తిండి, చదువుల ఖర్చులకు భయపడి బిడ్డను వాయిదా వేసుకుంటారు.

కాబట్టి తక్కువ సంతానాన్ని వెంటనే మహిళల స్వేచ్ఛకు గుర్తుగా గాని, కుటుంబ నియంత్రణ పథకపు విజయంగా గాని చెప్పడం తొందరపాటు అవుతుంది. కొందరికి అది ఇష్టపూర్వక నిర్ణయం. మరికొందరికి గత్యంతరం లేని పరిస్థితి.

అవగాహన

కనీసం ఒక గర్భనిరోధక పద్ధతి గురించి విన్నవారు అడ్డిస్ అబాబాలో దాదాపు అందరూ అని సర్వేలు చెబుతున్నాయి. సూదిమందు, మాత్రలు, కండోమ్, ఇంప్లాంట్ పేర్లు అత్యధికులకు పరిచితం. అయితే ఇటువంటి సర్వేలలో "తెలుసు" అంటే "విన్నాను" అని మాత్రమే అర్థం. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుంది, ఎంతకాలం పనిచేస్తుంది, ఎవరు వాడరాదు, ఎక్కడ దొరుకుతుంది అన్న విషయాలు తెలుసా లేదా అన్నది ఆ జవాబులో ఉండదు. ఈ తేడా ప్రధానంగా రెండు విషయాలలో బయటపడుతుంది.

మొదటిది సురక్షిత దినాల పద్ధతి. 2005లో నగర వివాహితలలో 57 శాతం ఏదో ఒక పద్ధతి వాడుతుండగా, ఆధునిక పద్ధతులు వాడినవారు 45 శాతమే. మిగిలిన 12 శాతంలో ఎక్కువమంది రోజులు లెక్కపెట్టుకునేవారు. 2016 నాటికి ఆధునిక పద్ధతుల వాటా 50 శాతం అయింది, సంప్రదాయ పద్ధతుల వాటా 6 శాతానికి తగ్గింది. ఆర్థోడాక్స్ క్రైస్తవులలో ఉపవాస దినాలలో దాంపత్య సంయమనం పాటించే సంప్రదాయం ఉంది కనుక, రోజులు చూసుకోవడం అనే భావన వారికి కొత్తది కాదు. కాని ఈ పద్ధతి ఫలించాలంటే గర్భం వచ్చే అవకాశం గల రోజులు ఏవో సరిగా తెలియాలి. అండం విడుదల సాధారణంగా తరువాతి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు జరుగుతుంది. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు జీవించి ఉండగలవు. బహిష్టు అయిన వెంటనే వచ్చే రోజులే ప్రమాదకరమని, నెల మధ్య భాగం సురక్షితమని తలక్రిందులుగా అనుకునేవారు ఈ పద్ధతిని ఎంత నిష్ఠతో పాటించినా ఫలితం ఉండదు.

రెండవది అత్యవసర గర్భనిరోధక మాత్ర. ఇది కలయిక తరువాత వాడే మాత్ర. లెవోనార్జెస్ట్రెల్ అనే మందును 72 గంటల లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. ఆలస్యమైన కొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది. ఇది అండం విడుదలను ఆపుతుంది లేదా వాయిదా వేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని తొలగించదు. అడ్డిస్ అబాబా విశ్వవిద్యాలయ విద్యార్థినులపై జరిపి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఈ మాత్ర గురించి విన్నవారు సగం కంటే తక్కువ, వాడినవారు అతి కొద్దిమంది. దేశంలోనే ఎక్కువ చదువుకున్న యువతుల పరిస్థితి అది. ఆ తరువాతి సంవత్సరాలలో ఈ మాత్ర నగరపు మందుల దుకాణాలలో విరివిగా దొరకసాగింది. దీనిని తరచుగా వాడే నిత్య పద్ధతిగా తీసుకోవడం సరికాదని వైద్యులు చెబుతారు. నిత్య వినియోగానికి ఉద్దేశించిన పద్ధతులు దీనికంటే ఎక్కువ రక్షణ ఇస్తాయి.

వాడుకలో ఉన్న పద్ధతులు

సూదిమందు: ఇథియోపియాలో అత్యధికంగా వాడే పద్ధతి ఇదే. మూడు నెలలకు ఒకసారి తీసుకోవాలి. రోజూ గుర్తుపెట్టుకోవలసిన పని లేదు, ఇంట్లో మాత్రల అట్ట కనబడే బాధ లేదు. అందువలన భర్తకు గాని, అత్తవారికి గాని, ఇంటి యజమానురాలికి గాని తెలియకుండా వాడుకోవాలనుకునే స్త్రీలకు ఇది అనుకూలం. బహిష్టులు క్రమం తప్పడం, పూర్తిగా ఆగిపోవడం దీని వలన కలిగే సాధారణ మార్పులు. ముందుగా చెప్పనిచో స్త్రీలు వీటికి భయపడి మానివేస్తారు. సూదిమందు ఆపిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలల ఆలస్యం జరగవచ్చు. ఇది వంధ్యత్వం కాదు.

ఇంప్లాంట్: అగ్గిపుల్లంత కడ్డీని మోచేతికి పైన, చర్మం క్రింద అమరుస్తారు. రకాన్ని బట్టి మూడు నుండి ఐదు సంవత్సరాల వరకు పనిచేస్తుంది. 2009 నుండి ప్రభుత్వం దీనిని విస్తృతంగా ప్రవేశపెట్టింది. 2016 నాటికి దేశంలో ఇది సూదిమందు తరువాతి స్థానానికి చేరింది.

లూప్: రాగి లూప్ పది సంవత్సరాలకు పైగా పనిచేయగలదు. దీనిని అమర్చడానికి శిక్షణ పొందినవారు, శుభ్రమైన గది కావాలి కనుక పల్లెలలో కంటే రాజధానిలో దీని వినియోగం ఎక్కువ.

మాత్రలు, కండోములు: ఇవి ప్రభుత్వ కేంద్రాలలోనే కాక మందుల దుకాణాలలోను దొరుకుతాయి. క్లినిక్కుకు వెళితే ఎవరైనా చూస్తారని సంకోచించే అవివాహిత యువతులకు దుకాణమే దగ్గరి దారి. లైంగిక వ్యాధుల నుండి రక్షణ కూడా ఇచ్చేది కండోమ్ ఒక్కటే.

శస్త్రచికిత్స: స్త్రీల శాశ్వత కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స ఇథియోపియాలో చాలా అరుదు. 2016లో దేశంలోని వివాహితలలో ఒక శాతం కూడా దీనిని ఎంచుకోలేదు. తెలుగు రాష్ట్రాలలో కుటుంబ నియంత్రణ అనగానే "ఆపరేషన్" అన్న మాటే గుర్తుకు వస్తుంది కనుక పాఠకులు ఈ తేడాను గమనించాలి. తాత్కాలిక పద్ధతులపై ఆధారపడిన చోట నిల్వలు అయిపోకుండా సరఫరా జరగడం, తిరిగి రావలసిన తేదీ గుర్తుండడం చాలా ముఖ్యం.

మధ్యలో మానివేయడం

2016 సర్వే ప్రకారం ఇథియోపియాలో ఒక పద్ధతి మొదలుపెట్టిన స్త్రీలలో మూడింట ఒక వంతు మంది సంవత్సరం లోపే దానిని ఆపివేస్తున్నారు. బిడ్డ కావాలనుకోవడం ఒక కారణం, దుష్ఫలితాల భయం మరొక ముఖ్య కారణం. సూదిమందు వలన గర్భసంచి చెడిపోతుందని, మాత్రలు కడుపులో పేరుకుపోతాయని, లూప్ గుండెకు పాకుతుందని అనేక దేశాలలో వదంతులు ఉన్నాయి. వీటికి శాస్త్రీయ ఆధారం లేదు. అయితే తలనొప్పి, రక్తస్రావంలో మార్పు, బరువు పెరగడం వంటి ఇబ్బందులు నిజమైనవే. ఇటువంటివి రావచ్చని, వస్తే వేరొక పద్ధతికి మారవచ్చని చెప్పే తీరిక నర్సుకు ఉంటే స్త్రీ మళ్ళీ క్లినిక్కుకు వస్తుంది. లేకపోతే నిశ్శబ్దంగా మానివేస్తుంది.

బిడ్డలు వద్దనుకుంటూ లేదా వాయిదా వేయాలనుకుంటూ ఏ పద్ధతీ వాడని పరిస్థితిని "తీరని అవసరం" అంటారు. 2016లో దేశంలోని వివాహితలలో ఇది 22 శాతం. అడ్డిస్ అబాబాలో ఇది అందులో దాదాపు సగం.

గర్భస్రావాలు, చట్టం

అవాంఛిత గర్భానికి ఈ నగరపు స్త్రీలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. బార్బరా క్వాస్ట్, ఆమె సహ పరిశోధకులు 1981-83 కాలంలో అడ్డిస్ అబాబాలో ఇంటింటి సర్వే జరిపారు. లక్ష సజీవ జననాలకు 566 మాతృ మరణాలు జరుగుతున్నట్లు అందులో తేలింది. ఆ మరణాలకు మొదటి కారణం గర్భస్రావ సమస్యలు. చట్టం అనుమతించని ఆ రోజులలో నాటు పద్ధతులను ఆశ్రయించిన స్త్రీలు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రులకు చేరేవారు.

ఇథియోపియా స్త్రీవ్యాధి, ప్రసూతి వైద్యుల సంఘం, మహిళా సంఘాలు చట్టం మార్పు కోసం కృషి చేశాయి. 2005లో అమలులోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి గర్భస్రావాన్ని నేరాల జాబితా నుండి పూర్తిగా తొలగించలేదు గాని, అనుమతించే సందర్భాలను విస్తరించింది. అత్యాచారం, రక్తసంబంధీకుల వలన కలిగిన గర్భం, తల్లి ప్రాణానికి లేదా ఆరోగ్యానికి ముప్పు, శిశువుకు నయం కాని తీవ్ర లోపం, తల్లి మైనరు కావడం లేదా ఆమెకు శారీరక, మానసిక వైకల్యం ఉండడం ఆ సందర్భాలు. 2006లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు విడుదల చేసింది. వీటి ప్రకారం అత్యాచారం విషయంలో స్త్రీ చెప్పిన మాట చాలు, పోలీసు రుజువులు అడగరాదు.

జాతీయ అంచనాల ప్రకారం దేశంలో 2008లో సుమారు 3 లక్షల 82 వేలు, 2014లో సుమారు 6 లక్షల 20 వేల గర్భస్రావాలు జరిగాయి. వీటిలో ఆసుపత్రులలో చట్టబద్ధంగా జరిగినవి 2008లో 27 శాతం కాగా, 2014లో 53 శాతం. గర్భస్రావాల రేటు అన్ని ప్రాంతాల కంటే అడ్డిస్ అబాబాలో ఎక్కువ. సేవలు రాజధానిలో కేంద్రీకృతమై ఉండడం వలన బయటి స్త్రీలు కూడా ఇక్కడికి రావడం ఇందుకు ఒక కారణం. అయినప్పటికీ, ప్రతి స్త్రీకీ గర్భనిరోధక పద్ధతి "తెలిసిన" నగరంలోనే ఈ రేటు అత్యధికంగా ఉండడం ఆలోచింపదగిన విషయం.

సేవలు అందని వర్గాలు

సర్వేలు ఎక్కువగా వివాహిత స్త్రీల గురించే లెక్కలు చెబుతాయి. కాని అడ్డిస్ అబాబాలో వివాహాలు ఆలస్యం కావడం వలన అవివాహితల అవసరాలు ప్రధానమయ్యాయి. ఇళ్ళలో పనిచేసే బాలికలకు సెలవు రోజు ఉండదు, క్లినిక్కుకు వెళ్ళే స్వేచ్ఛ ఉండదు, సలహా చెప్పే తల్లి దగ్గర ఉండదు. వీరు లైంగిక దౌర్జన్యానికి సులభంగా గురవుతారు. బడికి దూరమైన ఇటువంటి బాలికల కోసం 2006లో "బిరుహ్ తెస్ఫా" అనే కార్యక్రమం అడ్డిస్ అబాబా పేద వాడలలో మొదలైంది. ఈ పేరుకు "ఉజ్జ్వలమైన ఆశ" అని అర్థం. ఇందులో శిక్షణ పొందిన స్త్రీలు ఇంటింటికీ వెళ్ళి, యజమానులతో మాట్లాడి, బాలికలను వారానికి కొన్ని గంటలు సమావేశాలకు తీసుకువచ్చేవారు. అక్షరాభ్యాసంతో పాటు ఆరోగ్యం, హెచ్.ఐ.వి. గురించి కూడా అక్కడ బోధించేవారు.

ఇటీవలి పరిస్థితి

2019 సంక్షిప్త సర్వే ప్రకారం ఇథియోపియా వివాహితలలో ఆధునిక పద్ధతుల వినియోగం 41 శాతానికి చేరింది. పల్లెలు రాజధానిని వేగంగా సమీపిస్తున్నాయి. అడ్డిస్ అబాబాలో మాత్రం 2011 తరువాత వినియోగం పెరగకపోగా కొంత తగ్గింది. ఇథియోపియా కుటుంబ నియంత్రణ కార్యక్రమం చిరకాలంగా విదేశీ సహాయంపై ఆధారపడి ఉన్నది. ప్రధాన దాతలలో ఒకటైన అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ 2025లో మూతపడింది. మూడు నెలలకు ఒకసారి సూదిమందు కోసం వచ్చే స్త్రీకి ఆ రోజున మందు లేదని చెబితే, ఆమెకున్న అవగాహన ఆమెను కాపాడలేదు.

దేశంలో మాతృ మరణాలు 2000లో లక్ష జననాలకు 871 ఉండగా, 2016 నాటికి 412కు తగ్గాయని సర్వేల అంచనా. గర్భనిరోధక వినియోగం, చట్ట సవరణ, ఆసుపత్రి కాన్పులు ఈ తగ్గుదలకు తోడ్పడ్డాయి. సరైన సమాచారం, ఎంచుకునేందుకు ఒకటికి మించిన పద్ధతులు, నిరంతరాయమైన సరఫరా, పెళ్ళి కానివారిని కూడా గౌరవంగా ఆదరించే సేవలు కలిసినపుడే "తెలుసు" అన్న జవాబు వాడుకలోకి వస్తుందని అడ్డిస్ అబాబా అనుభవం తెలుపుతున్నది.